46 రోజులు అమ్మ వెనక సీట్లోనే: మా కారు ఎయిర్‌బ్యాగ్ రీకాల్ అనుభవం

మా కారు 2012 మోడల్. 2018లో నెల్లూరు బాబాయి దగ్గర కొన్నాను. అక్కణ్ణించి ఎన్‌ఓసీ తెచ్చి, ఇక్కడ చెన్నైలో రోడ్డు ట్యాక్స్ కట్టి, ఏపీ 26 నంబరు తీసేసి తమిళనాడు నంబరు వేయించేసరికి నాకున్న ఓపికంతా అయిపోయింది. ఆ తర్వాత పెట్రోలు కొట్టించడం, ఏడాదికోసారి ఇన్సూరెన్సు కట్టడం తప్ప కారు గురించి పెద్దగా ఆలోచించింది లేదు. సర్వీసింగ్ కూడా మా కొళత్తూరులోనే, వీధి చివరి మెకానిక్ దగ్గర. షోరూములో అయ్యే ఖర్చులో సగానికే చేసేవాడు. మంచివాడు, పనీ బాగా చేస్తాడు. కానీ మన కారు మీద కంపెనీ రీకాల్, అంటే లోపమున్న భాగం ఉచితంగా మారుస్తాం తీసుకురండి అన్న పిలుపు, ఉందో లేదో అతనికి ఎవరు చెబుతారు?

2024 జూన్ 5, బుధవారం. అంబత్తూర్ ఎస్టేట్‌లోని మా ఆఫీసులో భోజనాల వేళ ఒక కొలీగ్‌కి తన కారు కంపెనీ నుంచి మెసేజ్ వచ్చింది, ఏదో పంపు మార్చాలి రండి అని. అందరం ఫోన్లు తీసి ఎవరి కారు కంపెనీ సైట్లో వాళ్ళు ఛాసిస్ నంబరు కొట్టి చూసుకోవడం మొదలుపెట్టాం. నా నంబరు ఇన్సూరెన్సు పాలసీలో దొరికింది. 17 అక్షరాలూ అంకెలూ కలిపి కొట్టాను. "సరైన నంబరు కాదు" అని వచ్చింది. పాత కారు కదా, రికార్డుల్లో ఉండదులే అనుకుని పెరుగన్నం తినేశాను.

రాత్రి ఎందుకో మళ్ళీ చూశాను. మధ్యలో ఉన్న సున్నాని నేను ఇంగ్లీషు అక్షరం ఓ అనుకుని కొట్టాను. తర్వాత తెలిసిందేమిటంటే ఈ 17 అక్షరాల నంబరులో ఐ, ఓ, క్యూ అనే అక్షరాలు అసలు వాడరట, అంకెలతో కలిసిపోతాయని. మీ కాగితం మీద ఓ లాగా కనిపించినది ఖాయంగా సున్నాయే. సరిగ్గా కొట్టేసరికి టైము పన్నెండు దాటింది, అంటే జూన్ 6. ఎర్ర అక్షరాల్లో ఒక్క లైను వచ్చింది: ముందు ప్యాసింజర్ వైపు ఎయిర్‌బ్యాగ్ ఇన్‌ఫ్లేటర్, మార్పిడి పెండింగ్.

ముందు ప్యాసింజర్ సీటంటే మా అమ్మ సీటు. మోకాళ్ళ నొప్పుల వల్ల వెనక కాళ్ళు ముడుచుకుని కూర్చోలేదు. ఆరేళ్ళుగా తిరుపతికైనా, కంటి డాక్టరు దగ్గరికైనా ఆ సీటు ఆమెదే. ఇంకా చెప్పాలంటే, ఆమె ఎదురుగా డాష్‌బోర్డు మీద తిరుమలలో కొన్న చిన్న వెంకన్న బొమ్మ. రెండువైపులా అంటుకునే టేపుతో నేనే అతికించాను, సరిగ్గా ఎయిర్‌బ్యాగ్ అని చెక్కి ఉన్న అక్షరాల మీదే.

నిద్ర పట్టలేదు. కూర్చుని చదివాను. ఎయిర్‌బ్యాగ్ గాలి పంపుతో నిండదు. లోపల ఉక్కు డబ్బాలో ఉన్న రసాయనం మండి, ఆ వాయువుతో రెప్ప పడేలోపు సంచి ఉబ్బుతుంది. ఆ డబ్బానే ఇన్‌ఫ్లేటర్ అంటారు. జపాన్ కంపెనీ టకాటా చేసిన ఇన్‌ఫ్లేటర్ల గొడవ ప్రపంచానికంతా తెలిసిందే. వాటిలో వాడింది అమ్మోనియం నైట్రేట్, ఎరువుల్లోనూ క్వారీ పేలుళ్ళలోనూ వాడే పదార్థం. ఏళ్ళ తరబడి వేడికీ తేమకీ అది పాడైతే, గుద్దుకున్నప్పుడు మండాల్సిన వేగం కంటే ఎక్కువ వేగంగా మండి, డబ్బానే బద్దలు కొడుతుంది. ఆ ఉక్కు ముక్కలు సంచిని చీల్చుకుని ఎదురుగా కూర్చున్న మనిషి మీదికి వస్తాయి. దాదాపు 10 కోట్ల ఇన్‌ఫ్లేటర్లు వెనక్కి పిలవాల్సి వచ్చింది, 2017 జూన్‌లో ఆ కంపెనీ దివాలా తీసింది. మా కారులోది ఎవరు తయారుచేశారో నా కాగితాల్లో ఎక్కడా లేదు, వాళ్ళనీ వీళ్ళనీ అనను. కానీ చదువుతుంటే ఒక చోట ఆగిపోయాను. అమెరికాలో ఈ రీకాల్‌కి ఫ్లోరిడా లాంటి వేడీ తేమా ఎక్కువున్న చోట్ల కార్లని ముందు వరసలో పెట్టారట. మా కారు ఆరేళ్ళుగా చెన్నై ఎండలో, సముద్రపు గాలిలో, వీధిలోనే నిలబడి ఉంది. పైన రేకు కూడా లేదు.

ఇంకో సంగతి. డాష్‌బోర్డు మీద ఎయిర్‌బ్యాగ్ లైటు వెలగడం లేదు కాబట్టి అంతా బాగానే ఉందనుకునేవాణ్ణి. ఆ లైటు చూసేది వైర్లనీ సెన్సర్లనీ. డబ్బాలోపల రసాయనం పాడైందా లేదా అన్నది దానికి తెలియదు.

పొద్దున్నే కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను. 22 నిమిషాలు పట్టింది, అందులో 15 నిమిషాలు సంగీతమే. ఆ అమ్మాయి చెప్పింది: అవును సార్, రీకాల్ ఉంది, ఉచితంగా మారుస్తాం, దగ్గర్లోని సర్వీస్ సెంటర్‌ని కలవండి. అంతవరకూ ఆ సీట్లో ఎవరైనా కూర్చోవచ్చా అని అడిగితే, "మీరు సర్వీస్ సెంటర్‌లో అడగండి సార్". అప్పుడే కంపెనీకి ఒక ఈమెయిల్ రాశాను. నాకు కావలసింది కాగితం మీద జవాబు. నాలుగు రోజులకి ఒకే ఒక్క వాక్యం వచ్చింది, మార్చేవరకూ ముందు ప్యాసింజర్ సీటు వాడకపోవడం మంచిదని. ఆ వాక్యం కోసమే ఈమెయిల్ రాయాలి. ఫోన్లో ఆ మాట ఎవరూ అనరు.

ఈలోగా వీధి చివరి మెకానిక్‌కి చెప్పాను. "దానికేముంది సార్, ఎయిర్‌బ్యాగ్ ఫ్యూజ్ పీకేస్తే గొడవే ఉండదు" అన్నాడు. నిజం చెప్పాలంటే నాకూ బాగానే అనిపించింది. రెండు నిమిషాల పని, అమ్మ ముందు సీట్లో కూర్చుంటుంది. జూన్ 8, శనివారం స్కూటర్ మీద సర్వీస్ సెంటర్‌కి వెళ్ళినప్పుడు అక్కడి అడ్వైజర్‌ని అడిగాను. అతను తల అడ్డంగా ఊపాడు. ఆ ఫ్యూజ్ ఒక్క సంచికి కాదు, ఎయిర్‌బ్యాగులన్నిటినీ నడిపే మొత్తం యూనిట్‌కి. అది తీస్తే డ్రైవర్ వైపు ఎయిర్‌బ్యాగూ పనిచేయదు, గుద్దుకున్నప్పుడు సీటు బెల్టుని బిగించి పట్టే ఏర్పాటూ పోతుంది. సీటు ఖాళీగా ఉంచండి సార్, అంతకంటే వేరే దారి లేదు అన్నాడు. తెలుగువాడే, తిరుత్తణి దగ్గర ఊరట. వేరే కారు ఏదైనా ఇస్తారా అంటే అలాంటి సదుపాయం లేదన్నాడు. ఆర్సీ జిరాక్సు తీసుకున్నాడు, నోట్‌బుక్‌లో నా పేరూ ఫోన్ నంబరూ రాసుకున్నాడు. పార్ట్ రావడానికి రెండు మూడు వారాలు పడుతుందన్నాడు. నేను సంతోషంగా ఇంటికొచ్చాను. ఆ నోట్‌బుక్ సంగతి తర్వాత చెబుతాను.

ఇంట్లో అలవాటు మాన్పించడం అంత తేలిక కాదు. ముందు సీటు బెల్టు లాగి ఖాళీ సీటుకే పెట్టేసి, దానికో ఎర్రగుడ్డ కట్టాను. మా అబ్బాయికి ముందు సీటంటే ప్రాణం, రోజూ ఒక బేరం. మా ఇంటి ఓనరు గారు ఒకరోజు లిఫ్ట్ అడిగి ముందు తలుపు తీశారు. వెనక కూర్చోండి సార్ అంటే ఆయన మొహం చూడాలి. ఎయిర్‌బ్యాగ్ సంగతంతా చెప్పాను, నమ్మినట్టు లేదు. ఆ నెల అద్దె తీసుకునేటప్పుడు కూడా ముభావంగానే ఉన్నారు.

జూన్ 23, ఆదివారం నాన్న ఆబ్దికం. ఏటా నెల్లూరులో బాబాయి ఇంట్లోనే పెడతాం. రైల్లో పోదామంటే అమ్మ ప్లాట్‌ఫారం మెట్లు ఎక్కలేదు. అందుకని కార్లోనే, తెల్లవారకముందే బయల్దేరాం. అమ్మని వెనక సీట్లో అడ్డంగా, కాళ్ళు చాపుకునేట్టు కూర్చోబెట్టి నడుముకి దిండు పెట్టాను. అడ్డంగా కూర్చుంటే బెల్టు సరిగ్గా పడదు. ఆ దిగులు వేరే. రెడ్‌హిల్స్ దాటాక నాకే భరించలేక బండి ఆపి, నేరుగా కూర్చోబెట్టి బెల్టు పెట్టాను. తడ దగ్గర టీకి ఆగితే అప్పటిదాకా బిగపట్టుకున్నది బయటపెట్టింది. "నువ్వు ముందు ఒక్కడివే, నేను వెనక. చూసేవాళ్ళు టాక్సీ అనుకుంటార్రా." గంటకోసారి ఆగి నడిపించాను. మూడు గంటల్లో చేరేవాళ్ళం నాలుగున్నర గంటలకి చేరాం.

భోజనాలయ్యాక మాటల్లో బాబాయికి చెప్పాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత లేచి లోపలికెళ్ళి, బీరువా పైనుంచి పురికొసతో కట్టిన కాగితాల కట్ట దించాడు. ఎల్‌ఐసీ రసీదులు, కరెంటు బిల్లులు, పెళ్ళి శుభలేఖలు. వాటి మధ్యలో కంపెనీ ముద్ర ఉన్న పొడుగు కవరు. చింపి కూడా లేదు. లోపల 2017 తేదీతో ఉత్తరం. మీ వాహనం ప్యాసింజర్ వైపు ఇన్‌ఫ్లేటర్ మార్చుకోవడానికి దయచేసి రండి, ఖర్చు ఉండదు.

"ఆఫర్లో సర్వీసింగ్ చేయించుకోమని వేస్తారు కదరా, అట్లాంటిదే అనుకున్నా" అన్నాడు. పిన్ని ఆయన వైపు చూసింది. ఆ ఉత్తరం వచ్చాక ఏడాది పాటు ఆ సీట్లో కూర్చున్నది ఆమె. ఏం కాలేదులే బాబాయ్ అన్నాను కానీ, సాయంత్రం వరకూ ఆయన మనుషుల్లో లేడు.

నాకర్థమైందేమిటంటే, ఆర్టీవో ఆఫీసులో పేరు మార్చుకుంటే కంపెనీ దగ్గర మారదు. వాళ్ళ లెక్కలో ఆ కారు ఇప్పటికీ బాబాయిదే, అడ్రసు నెల్లూరే, ఫోన్ నంబరు ఆయన ఎప్పుడో వదిలేసిన పాత సిమ్‌ది. సెకండ్ హ్యాండ్ కారు కొన్నవాళ్ళకి ఉత్తరమూ మెసేజీ రాకపోవడానికి కారణం ఇదే. నేను నంబరు కొట్టకపోతే ఇంకో ఆరేళ్ళు కూడా తెలిసేది కాదు.

ఇప్పుడు నోట్‌బుక్ సంగతి. జూన్ 25న ఫోన్ చేసి పార్ట్ వచ్చిందా అంటే ఆ రోజు ఎత్తిన అమ్మాయి "ఏ పార్ట్ సార్?" అంది. వెతికింది. ఆర్డరే పెట్టలేదు! కారు తీసుకొచ్చి, ఛాసిస్ నంబరుని కారు మీదే ఫోటో తీసి సిస్టంలో ఎక్కిస్తేనే ఆర్డరు పెట్టగలరట. నోట్‌బుక్‌లో రాసింది నోట్‌బుక్‌లోనే ఉండిపోయింది. 17 రోజులు గాలికి పోయాయి. నాకు ఎంత కోపం వచ్చిందంటే ఆఫీసు మెట్ల మీద నిలబడి అరిచాను, తర్వాత ఆ అమ్మాయిదేం తప్పని సారీ చెప్పాను. మర్నాడు సగం రోజు సెలవు పెట్టి కారు తీసుకెళ్ళాను. పది నిమిషాల పని. ఈసారి ఆర్డర్ నంబరు కాగితం మీద ప్రింటు తీయించుకుని, సంతకం పెట్టించుకునేదాకా కదల్లేదు.

కొత్త చట్టం ఉంది కదా, కంప్లైంట్ పెట్టు అన్నారు ఆఫీసులో. చూశాను. 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన రీకాల్ నిబంధనలు ఏడేళ్ళ లోపు బళ్ళకే. అందులో కంపెనీకి 10 లక్షల నుంచి కోటి రూపాయల వరకూ జరిమానా ఉంది, అది వేరే విషయం. మాది నేను చూసేనాటికే పన్నెండేళ్ళ కారు. కంపెనీ తనంతట తాను ప్రకటించిన రీకాల్ కాబట్టి ఇన్నేళ్ళ తర్వాత కూడా ఉచితంగానే మార్చారు, దాన్ని కాదనను.

ఆ తర్వాత వారానికి రెండుసార్లు ఫోన్. జవాబు నాకు కంఠతా వచ్చేసింది: "పార్ట్ ఇన్నుం వరలే సార్", అంటే ఇంకా రాలేదని. మా అబ్బాయి ఇంట్లో దేనికైనా అదే అనడం మొదలుపెట్టాడు. హోంవర్క్ అయిందా అంటే పార్ట్ ఇన్నుం వరలే. జూలై 18, గురువారం నేను చేసిన ఫోన్‌కి "వచ్చింది కదా సార్, సోమవారమే వచ్చింది" అన్నారు. వస్తే మెసేజ్ పంపుతామన్నవాళ్ళే.

జూలై 20, శనివారం. తొమ్మిదిన్నరకి చేరాను. జాబ్ కార్డు రాసేటప్పుడు ఇంకో కాగితం నా ముందు పెట్టారు: వీల్ అలైన్‌మెంట్, ఏసీ ఫిల్టర్, థ్రాటిల్ క్లీనింగ్, ఇంకేవో కలిపి అంచనా 6,350 రూపాయలు. రీకాల్‌కి వచ్చిన కారు కదా, ఎలాగూ విప్పుతున్నాం అని. రీకాల్ ఒక్కటే చేయండి అన్నాను. మొహమాటానికి వైపర్ బ్లేడ్లు మార్పించుకున్నాను, 780. జాబ్ కార్డు మీద "రీకాల్" అన్న మాటా, ఆ పని ఎదురుగా సున్నా రూపాయలూ ఉన్నాయో లేదో చూసుకునే సంతకం పెట్టాను.

పదకొండున్నరకి కానీ కారు లోపలికి పోలేదు. కస్టమర్లు కూర్చునే గదికి గాజు గోడ ఉంది, అక్కణ్ణించి కనిపిస్తుంది. కుర్రాడు బ్యాటరీ నెగటివ్ వైరు విప్పి పక్కన పెట్టి, ఊరికే నిలబడ్డాడు. ఫోన్ చూసుకుంటున్నాడని కోపం వచ్చింది. తర్వాత అడ్వైజర్ చెప్పాడు, బ్యాటరీ తీసినా యూనిట్‌లో కాసేపు కరెంటు నిలవుంటుందట. కొన్ని నిమిషాలు ఆగకుండా ముట్టుకోకూడదు. అతను ఫోన్లో చూసుకుంటున్నది టైము.

అప్పుడు వెంకన్న బొమ్మ దగ్గరికొచ్చాడు. పాత టేపు రాలేదు. సన్నటి దారంలాంటిది లోపలికి పోనిచ్చి, అటూ ఇటూ రంపంలా లాగి, బొమ్మ విరక్కుండా తీశాడు. కళ్ళకద్దుకుని పాలిథిన్ కవర్లో పెట్టాడు. అది చూశాక నాకు అతని మీద నమ్మకం కుదిరింది. గ్లవ్ బాక్స్ ఊడింది, డాష్‌బోర్డు పైన పలక లేచింది, లోపల పసుపురంగు తొడుగుల వైర్లు. ఎయిర్‌బ్యాగ్ వైర్లకి ఆ రంగేనట, ఎవరూ పొరపాటున కదిలించకుండా. పాత ఇన్‌ఫ్లేటర్ చూపించమన్నాను. దూరం నుంచే చూడనిచ్చారు, చేతికివ్వలేదు. చిన్న టార్చిలైటంత ఉక్కు గొట్టం. పైకి మచ్చ కూడా లేదు, కొత్తదానిలాగే ఉంది. దాని సీరియల్ నంబరు రాసుకుని, కంపెనీకి తిప్పి పంపే పెట్టెలో పెట్టారు. పాత సామాను ఇంటికిస్తారేమో అని ఆశపడకండి, ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా.

ఒంటిగంటంపావుకి తాళాలిచ్చారు. బొమ్మ కవరు ఇస్తూ అడ్వైజర్ అన్నాడు: "మళ్ళీ అక్కడ అతికించకండి సార్. సంచి తెరుచుకుంటే ముందు ఎగిరొచ్చేది అదే."

ఇంతటితో అయిపోతే బాగుండేది. పాడి ఫ్లైఓవర్ ఎక్కుతుంటే డాష్‌బోర్డులో ఎర్ర లైటు, కూర్చున్న మనిషి ముందు బంతి పెట్టినట్టుండే బొమ్మ. తాళం తిప్పగానే వెలిగి కొన్ని క్షణాల్లో ఆరిపోవాల్సింది, ఆరలేదు. ఫోన్ చేస్తే శనివారం మధ్యాహ్నం, స్కానర్ మనిషి వెళ్ళిపోయాడు, సోమవారం తీసుకురండి అన్నారు. ఆ రెండు రోజులూ కారు బయటికి తీయలేదు. లైటు వెలిగి ఉంటే ఏ సంచీ తెరుచుకోకపోవచ్చు. ఆదివారం కూరగాయలకి ఆటోలో వెళ్ళొచ్చాం, 240 అయింది.

జూలై 22న అరగంటలో తేలింది. డాష్‌బోర్డు కింద ఒక పసుపు కనెక్టర్ పూర్తిగా బిగుసుకోలేదు. నొక్కితే టక్‌మంది. స్కానర్ పెట్టి తప్పు చెరిపేశారు. సర్వీస్ సెంటర్ గేటు దాటకముందే తాళం తిప్పి, ఆ లైటు వెలిగి ఆరిందా అని శనివారమే చూసి ఉంటే నాకు ఇంకో సగం రోజు సెలవు మిగిలేది. అక్కడే కూర్చుని సైట్లో మళ్ళీ నంబరు కొట్టాను. ఇంకా పెండింగ్ అనే ఉంది. వాళ్ళ సిస్టంలో ముగించాక మారడానికి మూడు రోజులు పట్టింది. మారినది స్క్రీన్‌షాట్ తీసి, ఆర్సీతో పాటు దాచాను. రేపు కారు అమ్మితే కొన్నవాళ్ళకి చూపించాలి. కంపెనీ రికార్డులో అడ్రసు, ఫోన్ నంబరు నావిగా మార్పించాను కూడా. దానికి ఒక ఫారం, ఆర్సీ కాపీ చాలు.

డబ్బు లెక్కకి వస్తే మార్పిడికి ఒక్క రూపాయి కట్టలేదు. పోయినవి మూడు సగం రోజుల సెలవులు, పెట్రోలు, ఆటో, ఆ వైపర్ బ్లేడ్లు.

సోమవారం సాయంత్రం ఎర్రగుడ్డ విప్పాను. అమ్మ ముందు సీట్లో కూర్చుని, ఖాళీగా ఉన్న డాష్‌బోర్డు వైపు చూసి "స్వామి ఏడిరా?" అంది. సంగతి చెప్పాను. కాసేపు ఆలోచించి, బొమ్మని తన హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకుంది. ఇప్పుడు ఆయన ఆమెతో పాటే ఎక్కి దిగుతున్నాడు.

మొన్న రాత్రి బాబాయి ఫోన్. మా కారు నాకమ్మాక ఆయన కొన్న కారు ఛాసిస్ నంబరు చదువుతాను, నువ్వు కొట్టి చూడు అన్నాడు. ఒక్కొక్క అక్షరం గట్టిగా చదువుతున్నాడు, పక్కనుంచి పిన్ని సరిదిద్దుతోంది. పదకొండోది దగ్గర ఆగాడు.

"ఇది ఓనో సున్నానో అర్థం కావట్లేదురా."

"సున్నా కొట్టాను బాబాయ్, చదవండి."